గంట కొట్టే బొమ్మ కోసం

మార్కులొస్తే హైదరాబాద్ తీసుకెళ్తామని పిల్లలతో అనని ఇల్లు అరుదు. ఆ మాట పెద్దబ్బాయి దగ్గర తప్పి, చిన్నమ్మాయి దగ్గర నిలబెట్టుకున్న ఒక తుని తల్లి తన ప్రయాణం గురించి చెబుతున్నారు.

ఎనిమిదేళ్ల కిందటి సంగతి. మా పెద్దాడు నాలుగో తరగతి చదువుతున్నాడు. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న గడియారం గురించి చెప్పారు. గంటగంటకీ అందులోంచి గడ్డపాయన ఒకడు బయటికొస్తాడనీ, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్లీ లోపలికి పోతాడనీ. మావాడు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నన్ను తీసుకెళ్తారా నాన్నా?" అన్నాడు. ఆయన తల ఊపబోయారు. నేనే అడ్డొచ్చి, "యాన్యువల్ పరీక్షల్లో ఫస్ట్ రా, వేసవి సెలవుల్లో వెళ్దాం" అన్నాను.

వాడు సెకండ్ వచ్చాడు. మూడు మార్కులు తేడా. ప్రోగ్రెస్ కార్డు నా చేతికిచ్చి, "మూడే కదమ్మా" అన్నాడు. "మాటంటే మాట. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. పట్టుదల పెరుగుతుందనుకున్నాను. మరుసటి ఏడాది వాడు ఫస్టే వచ్చాడు కానీ హైదరాబాద్ ఊసెత్తలేదు. నేనే గుర్తుచేస్తే, "ఎందుకులే అమ్మా, ఎండలు" అన్నాడు. పదేళ్ల పిల్లాడు ఎండల పేరు చెప్పి ఒక కోరికని వదిలేసుకోవడం ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

వాడిప్పుడు ఇంటర్ రెండో ఏడాది. విజయవాడలో హాస్టల్లో ఉంటున్నాడు. నేను రాస్తున్నది మాత్రం వాడి చెల్లెలితో మొన్న దసరా సెలవుల్లో చేసిన ప్రయాణం గురించి. అయినా వాడి సంగతి చెప్పకుండా దాని సంగతి మొదలుపెట్టలేను. ఈ ప్రయాణంలో ప్రతి నిర్ణయమూ ఆ మూడు మార్కుల్ని తలుచుకుంటూనే తీసుకున్నాను.

బహుమతి కూలి అయిపోతే

టీచర్ ట్రైనింగ్ నాటి నా పుస్తకాల్లో ఒక ప్రయోగం గురించి ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సరీ బడిలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసి, 1973లో ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే సరదాపడే చిన్నపిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకి ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకి అవే పెన్నులు తరగతిలో బల్ల మీద పెట్టి, ఎవరికి ఇష్టమైతే వాళ్లు వేసుకోవచ్చని వదిలేసి గమనించారు. సర్టిఫికెట్ వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు ఈసారి బొమ్మలతో గడిపిన సమయం మిగతావాళ్ల సమయంలో దాదాపు సగమే. అనుకోకుండా అందుకున్న పిల్లల్లో మాత్రం సరదా తగ్గలేదు.

పరీక్ష కోసం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న పాఠం అది. మా ఇంట్లో అదే జరుగుతున్నప్పుడు నాకు తట్టలేదు. ముందే బేరం పెట్టి ఇచ్చింది బహుమతి కాదు, కూలి. కూలి ఇచ్చేవాళ్లు పని కొలుస్తారు. మూడు మార్కులు తక్కువైతే కూలి కోస్తారు. నేను కోశాను.

పిల్లలకి బహుమతులే వద్దని నేననను. ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోయిన పిల్లాడు పన్నెండో ఎక్కం దాకా వచ్చిన రోజున ఇంట్లో పాయసం వండాలి. ఆ పాయసం గురించి వాడికి ముందు తెలియకూడదు, అంతే.

నలభై రోజుల పేపరు

జూన్‌లో బడులు తెరిచిన వారంలో మా అత్తయ్యకి శుక్లం ఆపరేషన్ అయింది. చుక్కల మందు, నల్ల కళ్లద్దాలు, తల వంచకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. చదువుకునే కళ్లద్దాలు కన్ను కుదుటపడ్డాక రాస్తామన్నారు. ఆవిడకి పొద్దున్నే పేపరు చదవకపోతే కాఫీ తాగినట్టుండదు. రెండో రోజు పేపరు ఒళ్లో పెట్టుకుని ఊరికే తడుముతున్నారు. మా బుజ్జి వెళ్లి పక్కన కూర్చుని, "మామ్మా, నేను చదవనా?" అంది.

అది నాలుగో తరగతి. ఒత్తులున్న మాట వస్తే గొంతు సన్నబడుతుంది. మొదటి రోజు రెండు వార్తలు చదవడానికి అరగంట పట్టింది. "ప్రత్యామ్నాయం" దగ్గర మూడుసార్లు ఆగింది. అత్తయ్య ఒక్కసారీ అందివ్వలేదు, అది పలికేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. వారం తిరిగేసరికి బుజ్జి తానే పొద్దున్న ఆరున్నరకి లేచి గుమ్మంలో పేపరు కోసం నిలబడటం మొదలెట్టింది. జ్వరం వచ్చిన రోజు కూడా హెడ్డింగులైనా చదివింది. ఇలా నలభై రోజులు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు.

అత్తయ్యకి కొత్త కళ్లద్దాలు వచ్చిన రోజు సాయంత్రం నేనూ మా ఆయనా మాట్లాడుకుని బుజ్జిని పిలిచాం. "మామ్మకి నలభై రోజులు పేపరు చదివావు కదా. దసరా సెలవుల్లో నిన్ను హైదరాబాద్ తీసుకెళ్తాను. మనిద్దరమే" అన్నాను. అది నన్ను కాదు, మామ్మని చూసింది. "మరి రేపట్నుంచి పేపరు?" అంది. అత్తయ్య, "పెద్ద అక్షరాలు నేను చదువుకుంటాను, చిన్న అక్షరాలు నీవే" అన్నారు. అప్పుడు ఎగిరింది.

నోట్‌బుక్‌లో హైదరాబాద్

ఆ మర్నాడే వంద పేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొనిచ్చాను. "ఏమేం చూడాలో నువ్వే రాయి" అన్నాను. ఇందులో నా స్వార్థమూ ఉంది. పిల్లలు రాసిన జాబితా చదివితే ఊరు వాళ్ల ఊహలో ఎలా ఉందో తెలుస్తుంది. మొదటి పేజీలో పదిహేడు ఉన్నాయి. చార్మినార్, జూ, మెట్రో రైలు, రాకాసి బల్లి ఎముకలు, గోల్కొండ, సినిమాలు తీసే చోటు, ఎత్తైన బిల్డింగు, విమానాలు దిగే చోటు. పద్నాలుగో అంకె పక్కన "సముద్రం" అని రాసింది. హైదరాబాద్‌లో సముద్రం లేదని చెబితే చాలాసేపు నమ్మలేదు. అంత పెద్ద ఊరికి సముద్రం లేకపోవడమేమిటని దాని బాధ.

పదకొండో అంకె "అన్నయ్య గడియారం". ఆ సంగతి దానికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

మూడు రోజులు, రోజుకి ఒక్కటే పెద్ద చోటు. ఇది నేను పెట్టిన ఏకైక నియమం. ఏ మూడో అదే తేల్చుకోవాలి. రెండు వారాలు పెన్సిలుతో కొట్టేయడం, రబ్బరుతో చెరపడం. జూ దగ్గర కన్నీళ్లు వచ్చాయి. 380 ఎకరాల జూపార్కుకి ఒక రోజంతా కావాలి, అదీ పిల్లల కాళ్లకి మామూలు నడక కాదు. చివరికి రాకాసి బల్లి, గడియారం, గోల్కొండ మిగిలాయి. మెట్రో ఎలాగూ వీటికి వెళ్లే దారే కాబట్టి లెక్కలోకి రాదని వాదించి గెలిచింది.

తేదీలు కుదర్చడంలో ఒక సంగతి చాలామందికి ఆఖరి నిమిషంలో తెలుస్తుంది. జూపార్కుకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు. పిల్లల్ని రాత్రంతా రైల్లో తీసుకెళ్లి మూసిన గేటు ముందు నిలబెడితే ఆ రోజు ఇంకేం చూపించినా అతకదు. మంగళ, బుధ, గురువారాలు ఎంచుకున్నాం. ఆదివారం రద్దీ కూడా తప్పింది.

రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. దసరాకి వెళ్లాలంటే పొద్దున్న ఎనిమిదికి తెరిచీ తెరవగానే తీసుకోవాల్సిందే. అయిదు నిండి పన్నెండు లోపు పిల్లలకి బెర్తు వద్దనుకుంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. డబ్బు మిగులుతుందని ఒకే బెర్తు మీద ఇద్దరం ముడుచుకుని పడుకుందామా అనుకున్నాను ఒక క్షణం. నిద్ర లేని పిల్లతో మొదటి రోజు ఎలా ఉంటుందో ఊహించుకుని పూర్తి టికెట్టే తీసుకున్నాను. ఖర్చు తగ్గించుకోవాలంటే తగ్గించుకోదగ్గవి వేరే చాలా ఉన్నాయి. మేం లాడ్జి గది మామూలుది తీసుకున్నాం, కాకపోతే మెట్రో స్టేషనుకి నడిచి వెళ్లేంత దగ్గర్లో.

బుజ్జి రెండో పేజీలో మెట్రో దారులు గీసింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎర్ర స్కెచ్‌తో, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నీలంతో, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఆకుపచ్చతో. ఎరుపు, నీలం కలిసే అమీర్‌పేట దగ్గర పెద్ద చుక్క పెట్టింది. మూడో పేజీ డబ్బు లెక్క. దాని చేతి ఖర్చుకి అయిదు వందలు ఒక జిప్ పర్సులో వేసి ఇచ్చాను. ఏం కొనాలో, కొనకూడదో నేను మాట్లాడను. అయిపోతే మళ్లీ ఇవ్వను.

ఇద్దరమే వెళ్తున్నాం కాబట్టి ఇంకొంత సిద్ధపాటు కావాల్సి వచ్చింది. నా నంబరు, వాళ్ల నాన్న నంబరు, లాడ్జి పేరు రాసిన చీటీ దాని గౌను జేబులో, ఇంకోటి పర్సులో. చెయ్యి విడిపోతే నన్ను వెతుక్కుంటూ తిరగకూడదు, ఉన్నచోటే నిలబడాలి, యూనిఫాం వేసుకున్నవాళ్లకి చీటీ చూపించాలి. ఇది తుని సంతలో రెండుసార్లు ఆటలా ఆడి చూశాం. వెతికే మనిషి ఒక్కరే అయితే దొరకడం తేలిక. ఇద్దరూ ఒకర్నొకరు వెతుక్కుంటే దాటిపోతారు.

గోదావరి మీంచి

సోమవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈ బండి 1974 ఫిబ్రవరి 1న మొదలైంది. మా అత్తయ్యా, మామయ్యా కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఎక్కిన బండి అది. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్నాం. బుజ్జి తినేసి కిటికీకి అతుక్కుపోయింది. రాజమండ్రి వంతెన వచ్చేదాకా నిద్రపోనని శపథం చేసింది. రైలు చప్పుడు మారగానే తన అయిదు వందల్లోంచి మార్చుకున్న రూపాయి బిళ్ల తీసి చీకట్లోకి విసిరింది. "మూడో పేజీలో రాసుకో" అన్నాను. "గోదావరికి 1" అని రాసుకుని పడుకుంది.

తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి, లాడ్జికి వెళ్లి, పది గంటల దాకా పడుకున్నాం. మొదటి రోజు పొద్దున్న ఏమీ పెట్టుకోకపోవడం మేం చేసిన మంచి పనుల్లో ఒకటి.

మధ్యాహ్నం అసెంబ్లీ స్టేషన్లో దిగి నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడున్న రాకాసి బల్లి అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర దొరికిన ఎముకలు. 1988లో ఆ ఊరి పేరే పెట్టారు. "రాత్రి మనం దాటిన గోదావరేనా?" అంది బుజ్జి. అదే, దానికి చాలా ఎగువన, అన్నాను. రైలు కిటికీలోంచి నల్లగా కనిపించిన నీళ్లకీ, తలెత్తి చూడాల్సిన ఈ మెడకీ అది తన బుర్రలో ఒక గీత గీసుకున్నట్టుంది. అరగంట అక్కడే తిరిగింది. పలకడానికి "ప్రత్యామ్నాయం" కన్నా కష్టమైన ఆ పేరుని ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని నోట్‌బుక్‌లో రాసుకుంది. ప్లానెటేరియంలో మాత్రం చీకటి పడగానే నిద్రపోయింది. లేపలేదు.

పన్నెండు కావడానికి ముందు

బుధవారం. సాలార్‌జంగ్‌కి పదిన్నరకల్లా చేరాలని ముందే అనుకున్నాం. గడియారం ఏ గంటకైనా కొడుతుంది కానీ, ఎక్కువసార్లు కొట్టేది పన్నెండుకే కదా. లోపల ముందు ముసుగు రెబెక్కా దగ్గర ఆగాం. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద పల్చటి మేలిముసుగు, అదీ రాయే. "గాలి ఊదితే లేస్తుందేమో" అని బుజ్జి చిన్నగా ఊదింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఇవన్నీ పోగుచేసిన మనిషని, 1949లో పోయాడని, 1951లో మ్యూజియంగా తెరిచారని చెప్పాను. అంతమాత్రం చాలు. పిల్లల బొమ్మల గదిలో తగరపు సిపాయిల్ని చూసి, ఇంత పెద్దాయన బొమ్మలు కూడా కొన్నాడా అని దానికి ఆయన మీద అభిమానం పుట్టింది.

పదకొండు ముప్పావుకి గడియారం ఉన్న చోటికి వచ్చాం. అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. కరీంనగర్ యాస, రాయలసీమ యాస, ఉర్దూ, హిందీ, అన్నీ ఒకే గొంతులా గుసగుసలాడుతున్నాయి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం. సుత్తి పట్టుకున్న ఒక చిన్న కమ్మరి సెకను సెకనుకీ కొడుతూనే ఉన్నాడు, ఎవరూ చూడటంలేదని తెలిసినా. బుజ్జి అతన్నే చూస్తోంది.

పన్నెండు దగ్గరపడే వేళకి గడ్డపాయన బయటికొచ్చాడు. అంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఒకటి, రెండు, మూడు. పిల్లలు పైకి లెక్కపెడుతున్నారు, పెద్దవాళ్లూ పెదవులు కదుపుతున్నారు. పన్నెండో దెబ్బ అయ్యాక ఆయన లోపలికి వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టారు అందరూ. బొమ్మ చాలా చిన్నది. దూరం నుంచి సరిగా ఆనదు కూడా. మా పెద్దాడి తొమ్మిదేళ్ల కళ్లకి ఈ చిన్న బొమ్మని దూరం చేశానా అనిపించి నాకు చూపు మసకబారింది. బుజ్జి నా కొంగు లాగి, "అమ్మా, ఇంకోసారి చూద్దామా? ఒంటిగంటకి ఒక్కసారే కొడతాడు, పాపం, దానికెవరూ ఉండరు" అంది. ఉన్నాం. వీలైతే చూద్దామనుకున్న చార్మినార్ ఆ రోజుకి తప్పిపోయింది. మర్నాటికీ కుదరలేదు.

ఇంత దూరం వచ్చి

పిల్లలతో ఊళ్లు తిరిగేటప్పుడు పెద్దవాళ్ల నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఇది. ఇంత దూరం వచ్చి చార్మినార్ చూడకుండానా. ఇంత దూరం వచ్చి పైదాకా ఎక్కకుండానా. ఆ మాట ఒక్కటి రాగానే పిల్లల ప్రయాణం మనదైపోతుంది. బడిలో సిలబస్ పూర్తిచేయాల్సినట్టు ఊరిని కూడా పూర్తిచేయడం మొదలెడతాం.

గురువారం గోల్కొండలో ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. రామదాసు బందిఖానా దాకా బాగానే ఎక్కింది. భద్రాచలం గుడి కట్టించిన గోపన్నని తానీషా ఇక్కడే బంధించాడని, గోడ మీద రాముడి బొమ్మలు ఆయన చెక్కినవేనని చెబుతారు. లోపల చీకట్లో కాసేపు నిలబడి, "పేపరు కూడా ఉండదు కదా" అంది. బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. కాళ్లు నొప్పులు. పైన బాలాహిస్సార్ ఇంకా ఎక్కడో ఉంది. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే అంత పైన వినిపిస్తుందన్నదే కదా గోల్కొండ వింత. పైకి వెళ్లకపోతే వినేదెలా?

నేనేమీ అనలేదు. నీళ్లు తాగాం, తెచ్చుకున్న జామకాయ తిన్నాం. కాసేపటికి అదే లేచి కిందికి దారితీసింది. ద్వారం దగ్గరికి వచ్చాక గుమ్మటం కింద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది, ఆగి ఆగి అయిదుసార్లు. "మనకి వినిపించదు కదే" అన్నాను. "పైన ఎవరో ఒకరుంటారు కదమ్మా" అంది.

సాయంత్రం మెట్రోలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊరికే వెళ్లొచ్చాం. ఆడవాళ్లకి కేటాయించిన పెట్టెలో ఒక పెద్దావిడ దానికి కిటికీ వైపు చోటిచ్చింది. ఎంజీబీఎస్ దాటాక మూసీ కనిపిస్తే, అది నదేనని నేనెంత చెప్పినా గోదావరి చూసిన పిల్ల ఒప్పుకోలేదు.

తునిలో దిగేసరికి పర్సులో నూట అరవై రెండు రూపాయలు మిగిలాయి. మామ్మకి భూతద్దం ఒకటి కొంది, చిన్న అక్షరాల కోసం. అన్నయ్యకి ఏమీ కొనలేదు. "వాడికి చెప్పడానికే బోలెడుంది" అంది.

ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసే టైముకి వాడికి అంతా వరసగా చెప్పింది. కమ్మరి, గడ్డపాయన, పన్నెండు దెబ్బలు, ఒంటిగంట దెబ్బ. నేను వంటింట్లో ఉన్నాను, ఫోన్ స్పీకర్లో ఉంది. చాలాసేపు వాడి నుంచి మాట లేదు. తర్వాత అడిగాడు. మీసాలొచ్చిన ఆ గొంతుతోనే అడిగాడు.

"తలుపు వాడే తీసుకుంటాడా, దానంతటదే తెరుచుకుంటుందా?"

బుజ్జి తడబడింది. "నేను కమ్మరిని చూస్తున్నానురా, తలుపు సంగతి చూసుకోలేదు" అంది.

వాడి పరీక్షలు మార్చి నెలాఖరుకల్లా అయిపోతాయి. ఈఏపీసెట్ కోచింగ్ మొదలయ్యేలోపు నాలుగు రోజులు దొరకొచ్చు. ఫలితాలు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. రాత్రి బుజ్జి నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసిపెట్టుకున్నాను: ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున్న ఎనిమిదికి, గోదావరి ఎక్స్‌ప్రెస్, రెండు టికెట్లు. పొద్దున్న చూసేసరికి ఎవరో రెండుని కొట్టేసి మూడు చేశారు. పక్కన చిన్న అక్షరాలతో, "అన్నయ్య పైకెక్కితే నేను కింద చప్పట్లు కొడతా."